కరెంటును ఆపడం కూడా నేర్చుకోండి

ఇంట్లో చోక్ ఉన్న పాత ట్యూబ్‌లైట్ ఉందా? అయితే దాని స్టార్టర్‌ను ఓసారి గమనించండి. స్విచ్ వేయగానే అది దారి కలుపుతుంది, చోక్‌లోంచి కరెంటు పారుతుంది. కాసేపటికి ఆ దారిని టక్కున తెంచేస్తుంది. పారే కరెంటు ఒక్కసారిగా ఆగదు కదా! చోక్‌లో వోల్టేజీ అమాంతం ఎగిరి ట్యూబ్ వెలుగుతుంది. ఇంటర్‌లో మనం బట్టీపట్టిన 'ఎల్ డీఐ బై డీటీ' ఇదే.

ఇదే సూత్రాన్ని లక్షల ఆంపియర్లకు పెంచి చూడండి. శక్తిని కూడబెట్టి, సెకనులో కోటోవంతులో వదిలేయడాన్ని పల్స్‌డ్ పవర్ అంటారు. మామూలుగా ఆ శక్తిని కెపాసిటర్లలో దాస్తారు. ఇండక్టర్‌లో దాస్తే చాలా తక్కువ చోటు సరిపోతుంది. కానీ చిక్కంతా స్విచ్‌తోనే. కెపాసిటర్‌కు దారి కలిపే స్విచ్ చాలు. ఇండక్టర్‌కు నిండుగా పారే కరెంటును తెంచే స్విచ్ కావాలి. లోహపు కాంటాక్టులు విడదీస్తే మధ్యలో ఆర్క్ లేచి కరెంటు పారుతూనే ఉంటుంది.

అందుకే ప్లాస్మానే స్విచ్‌గా చేశారు. అమెరికాలో మెండెల్, గోల్డ్‌స్టీన్ 1977లో దీనిపై పరిశోధనాపత్రం ప్రచురించారు. శూన్యంలో రెండు ఎలక్ట్రోడ్ల మధ్య ప్లాస్మా నింపుతారు. కాసేపు కరెంటును అదే మోస్తుంది. కరెంటు పెరిగేకొద్దీ ప్లాస్మా తరిగిపోయో, అయస్కాంత ఒత్తిడికి పక్కకు జరిగో ఖాళీ ఏర్పడుతుంది. కరెంటు లోడ్‌వైపు మళ్లుతుంది. మంచి షాట్‌లో ఇదంతా 10 నానోసెకన్లలో జరిగిపోతుంది. కానీ ఏ రెండు షాట్లూ అచ్చం ఒకేలా ఉండవు. కరెంటును ఎక్కువసేపు మోయిస్తే స్విచ్ సరిగ్గా తెరుచుకోదు. అమెరికాలోని భారీ జెడ్ మెషీన్ నేటికీ కెపాసిటర్లతోనే నడుస్తోంది.

ఇదంతా మీకెందుకంటారా? 'కోర్‌లో ఏముంది బ్రో' అంటూ ఈఈఈ పుస్తకాలు మూసేస్తున్నారు కాబట్టి. ఆ మాట ఒకప్పుడు నేనూ అన్నాను. ఆర్క్ చాప్టర్‌ను ఛాయిస్‌లో వదిలేశాను. ప్లాస్మా స్విచ్‌తో వేల ఉద్యోగాలు వస్తాయని చెప్పను, రావు. కానీ కరెంటును తెంచే సమస్య మన చుట్టూనే ఉంది. ఇంట్లోని ఏసీ కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాకు వస్తుంది. అప్పుడు తెంచడం తేలిక. డీసీకి ఆ వీలు లేదు. సోలార్ ప్లాంట్లు, ఈవీ బ్యాటరీలు, హెచ్‌వీడీసీ లైన్లు అన్నీ డీసీయే. వాటికి తెంచడం తెలిసినవాళ్లు కావాలి. పల్స్‌డ్ పవర్ మీద పనిచేసే బార్క్ విభాగం మన విశాఖలోనే ఉంది. ప్లాస్మా పరిశోధనకు గాంధీనగర్‌లో ప్రత్యేక సంస్థ ఉంది.

కోడింగ్ మానేయమని కాదు, అదీ నేర్చుకోండి. కానీ రెడీమేడ్ ప్రాజెక్టు కొనే ముందు ల్యాబ్‌లో మీ సార్‌ను అడిగి 12 వోల్టుల రిలే కాయిల్‌ను డయోడ్ లేకుండా తెంచి, తగిన ప్రోబ్‌తో ఆసిలోస్కోప్‌లో చూడండి. ఆ 12 ఎంతకు ఎగిరిందో చూశాక, కోర్‌లో ఏముందో మీరే చెప్తారు.