సర్కారు తుమ్మను కాల్చుటకు ముందు

ఇచ్ఛాపురం నుండి డొంకూరు వెళ్ళే దారిలో కొబ్బరి, జీడి తోటల నడుమ బీడుపడిన ఇసుక నేలలు కొన్ని కనబడతాయి. 2018 అక్టోబరు 11న పలాస సమీపాన తీరం దాటిన తిత్లీ తుపాను ఉద్దానం తోటలను నేలకూల్చిన తరువాత, తిరిగి మొక్క నాటని చోట్ల సర్కారు తుమ్మ చొరబడడం గమనించాను. ఈ కంపను నరికి జీవ ఇంధనంగా మార్చాలన్న ప్రతిపాదన ఇటీవల తరచుగా వినవస్తున్నది. ప్రతిపాదన మంచిదే, కాని ఒప్పందం ఎలా రాస్తామన్న దానిపైనే ఫలితం ఆధారపడి ఉన్నది.

ఈ మొక్క తనంతట తాను రాలేదు. 1870 దశకంలో మద్రాసు అటవీ శాఖ వంటచెరకు కోసం విత్తనం తెప్పించగా, కడప జిల్లా కమలాపురంలో తొలి తోటలు వెలిశాయి. ఇంధనం పేరిట తెచ్చిన మొక్కనే ఇప్పుడు ఇంధనం పేరిట తొలగించబోతున్నాము!

ఇంధనంగా దాని నాణ్యతకు వంక పెట్టనక్కరలేదు. ఆరిన కట్టె కిలోకు నాలుగు వేల కిలోకేలరీలకు పైగా వేడినిస్తుంది. మన రాష్ట్రపు బయోమాస్ విద్యుత్ కేంద్రాలు వరి ఊకతో పాటు దీనినీ కాల్చాయి. పలాస జీడిపప్పు పరిశ్రమలో బాయిలర్లకు జీడి పెంకు వాడుక ఉన్నది. పెంకు నుండి నూనె తీసి అమ్ముకొని, బాయిలరులో తుమ్మ కట్టె ఇటుకలు వేస్తే ఘాటైన పొగ కూడా తగ్గుతుంది.

చిక్కంతా మొక్క స్వభావంలో ఉన్నది. భూమట్టానికి నరికితే కుదురు నుండి అనేక పిలకలు వేస్తుంది. కాయలు తిన్న మేకలు, పశువులు పేడతో పాటు గింజలను పక్క తోటలకు చేరవేస్తాయి. టన్నుకు ఇంత అని చెల్లిస్తే గుత్తేదారు మొదళ్ళను పెకలించడు. కొన్నేళ్ళకొకసారి కోతకు వచ్చే పంటగా కాపాడుకుంటాడు. అతనిని తప్పుపట్టలేము, ఆ దారి చూపినది మన ఒప్పందమే. కనుక చెల్లింపు వేళ్ళతో సహా శుభ్రపడిన ఎకరాకు ఉండాలని నా అభిప్రాయం.

గుర్రపు డెక్కలో నూటికి తొంభై పాళ్ళకు పైగా నీరే. దానిని లారీకెత్తడం నీటికి కిరాయి కట్టడమే. చెరువు గట్టునే తరిగి, పేడతో కలిపి గ్యాస్ తీయడం మేలు.

2009 నాటి జాతీయ జీవ ఇంధన విధానం 2017 నాటికి 20 శాతం మిశ్రమం సాధించాలన్నది. ఆ రోజులలో అడవి ఆముదాన్ని ఉత్సాహంగా సిఫారసు చేసిన వారిలో నేనూ ఒకడిని. నాటిన రైతుకు దిగుబడి రాలేదు. మా సిఫారసుకు మేము మూల్యం చెల్లించలేదు. అందుకే ఈసారి తొందర వద్దంటున్నాను.

మరొక మాట. తీర గ్రామాలలో కంప ఏరుకొని పొయ్యి వెలిగించుకునే స్త్రీలున్నారు. కట్టెకు ధర పలికిన నాడు మొదట కంచె పడేది వారికే. వారి వాటా ఒప్పందంలోనే ఉండాలి.

ముందుగా ఐదెకరాలలో వేళ్ళతో పెకలించి, తొలకరికి జీడి అంట్లు నాటి, మూడేళ్ళు తుమ్మ మొలకలను పీకించి, అయిన కూలీని కట్టె ధరతో సరిచూద్దాము. కట్టె ధర కూలీకి చాలని పక్షంలో ఆ లోటు ఎవరు భరిస్తారో తొలి చెట్టు నరకక ముందే తేల్చుకోవాలి.