పార్వతీశం మళ్ళీ వెండితెరకెక్కితే...

పుస్తకప్రియులు నలుగురు చేరిన చోట తప్పక వినవచ్చే మాట ఒకటుంది: "బారిష్టర్ పార్వతీశాన్ని ఎవరైనా చక్కని సినిమాగా తీస్తే ఎంత బాగుండును!" మరుక్షణమే ఇంకొకరు అందుకుంటారు: "వద్దు మహాప్రభో, కనీసం ఆ పుస్తకాన్నయినా మనకు మిగలనివ్వండి." ఈ రెండు మాటలనూ వేర్వేరు సందర్భాల్లో నేనే అని ఉన్నాను. ఆశకూ భయానికీ మధ్య ఇలా ఎందుకు ఊగుతున్నానో తేల్చుకుందామనే ఈ నాలుగు ముక్కలు.

మొక్కపాటి నరసింహశాస్త్రిగారి ఈ నవల మొదటి భాగం 1920ల మధ్యలో వెలువడింది. 1940లోనే అది చలనచిత్రమయింది కూడా. లంక సత్యంగారు పార్వతీశం వేషం ధరించారు. అయితే ఆ చిత్రాన్ని చూసినవారెవరూ నాకు ఇంతవరకు తారసపడలేదు. 'కన్యాశుల్కం' నాటకం తెరిస్తే నాకు 1955 నాటి సినిమాలోని రామారావు, సావిత్రి కనిపిస్తారు. పార్వతీశానికి మాత్రం నేటి పాఠకుల మనసులో ఏ నటుడి ముఖమూ లేదు. ఎవరికి తోచిన ముఖాన్ని వారు తగిలించుకున్నారు.

నేను తగిలించుకున్న ముఖం మా తాతయ్యది. వేసవి మధ్యాహ్నాలు పడక్కుర్చీలో కూర్చుని ఆ పుస్తకాన్ని మాకు చదివి వినిపించేవారు. పార్వతీశం నిడదవోలు స్టేషను చేరేసరికి ఆయనకు నవ్వు ఆగేది కాదు. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, కళ్ళజోడు తీసి, ఉత్తరీయంతో కళ్ళు ఒత్తుకునేవారు. పల్లెటూరి మొద్దును చూసి నవ్వుతున్నారనుకుని మేమూ నవ్వేవాళ్ళం. ఆయన పోయిన తరువాత మా బామ్మ చెప్పింది. పద్దెనిమిదేళ్ళ వయసులో ట్రంకుపెట్టె, పరుపుచుట్ట పట్టుకుని ఉద్యోగం కోసం పట్నం వెళ్ళిన తాతయ్యకు, మొదటి రాత్రి బసలో కుళాయి తిప్పడం తెలియలేదట. అడిగితే నవ్వుతారేమోనన్న బిడియంతో దాహంతోనే పడుకున్నారట. ఆయన ఎవరిని చూసి నవ్వేవారో నాకు అప్పుడు అర్థమయింది.

ఆ నవల రహస్యమంతా అక్కడే ఉందని నా నమ్మకం. కథ చెప్పేది పార్వతీశమే. తన అజ్ఞానాన్ని తానే, దాపరికం లేకుండా, ఎంతో గంభీరంగా మన ముందు పెడతాడు. మద్రాసులో దర్జాగా టోపీ కొంటాడు. అది ఆడవాళ్ళ టోపీ అని తరువాత తెలుస్తుంది. ఈ సంగతి పక్కనున్నవాడు చెబితే అది ఎగతాళి. తానే చెప్పుకుంటే అదొక స్నేహం. మన భుజం మీద చేయి వేసి చెబుతున్న మనిషిని మనం వెక్కిరించలేము.

సినిమా అనగానే సాధారణంగా వినబడే భయాలు నాకూ ఉన్నాయి. మొగల్తూరు కుర్రవాడికి ఓడ మీద యుగళగీతం పెడతారేమో, మొదటి ప్రయాణంలోని వేడుకలన్నీ వాడుకుని, స్వదేశానికి తిరిగివచ్చిన తరువాతి పార్వతీశాన్ని గాలికి వదిలేస్తారేమో అన్నవి. కానీ అసలు భయం వేరు. పుస్తకంలో లోపలి నుంచి మాట్లాడే మనిషి, తెర మీద బయటి నుంచి కనబడే బొమ్మ అయిపోతాడు. మన సినిమాల్లో గోదావరి యాసంటే చాలాకాలంగా హాస్యపాత్రల సొత్తు. ఆ యాసనూ, వేషాన్నీ, తడబాటునూ కలిపి ఒక విదూషకుణ్ణి తయారు చేయడం అతి సులభం. అప్పుడు ప్రేక్షకులు నవ్వేది పార్వతీశాన్ని ఒక్కడినే కాదు, దాహంతో పడుకున్న మా తాతయ్యను కూడా. ఆ నవ్వు నేను భరించలేను.

అలాగని అక్షరం పొల్లుపోకుండా తీయమని అడగడం నా ఉద్దేశం కాదు. బిభూతిభూషణ్ బందోపాధ్యాయ 'పథేర్ పాంచాలి' 1929లో పుస్తకంగా వచ్చింది. సత్యజిత్ రాయ్ దానిని 1955లో తెరకెక్కించారు. నవలలో పిల్లలిద్దరూ రైలుపట్టాలు చూడాలని బయలుదేరి, దారి తప్పి తిరిగి వస్తారు. ఆ రోజు వారికి రైలు దొరకనే దొరకదు. రాయ్ మాత్రం తెల్లని రెల్లుపూల నడుమ వారిని పరుగెత్తించి, రైలును రప్పించారు. కథ మారింది. కానీ పసివాళ్ళ కళ్ళలోని ఆశ్చర్యం చెక్కుచెదరలేదు, ఎందుకంటే కెమెరా వారి పక్కనే, వారి ఎత్తులోనే నిలబడింది. నవలను ప్రేమించిన పాఠకుడు ఆ మార్పును క్షమించడమే కాదు, గుండెకు హత్తుకున్నాడు.

కనుక పార్వతీశాన్ని తీయబోయే దర్శకుడు ఎవరైనా సరే, నేను కోరేది ఒక్కటే. సంఘటనలు మార్చుకోండి, కొన్ని వదిలేయండి. కానీ కెమెరాను పార్వతీశానికి ఎదురుగా పెట్టకండి, ఆయన పక్కన కూర్చోబెట్టండి. ఆ టోపీని చూసి జనం ఎలా నవ్వారో చూపేముందు, ఆయన కంటికి ఆ టోపీ ఎంత ఘనంగా కనబడిందో చూపండి. రైలు దిగినవాడి కంగారును చూపేముందు, ఆ రైలు ఆయనకు ఎంత పెద్దదో చూపండి.

అలా తీస్తే మొదటి ఆటకే వెళతాను. నవ్వి నవ్వి కళ్ళజోడు తీసి తుడుచుకోవలసి వస్తే, అది మా తాతయ్యకు చెందిన నవ్వే అనుకుంటాను. అలా తీయలేకపోతే, పాత పుస్తకం ఎలాగూ బీరువాలో ఉంది.

మరి మీ పార్వతీశానికి ఎవరి ముఖం ఉంది? తెలుసుకోవాలని ఉంది. చెప్పండి.