గాంధీ మాయమైన అట్ట

రాక్ బృందాలు పాటతోనే కాదు, అట్టతోనూ మాట్లాడతాయి. 1967 నాటి 'సార్జెంట్ పెప్పర్స్ లోన్లీ హార్ట్స్ క్లబ్ బ్యాండ్' అట్టపై బీటిల్స్ నలుగురూ రంగురంగుల బ్యాండుమేళం దుస్తుల్లో నిలబడ్డారు. పక్కనే సూట్లు తొడుక్కున్న తమ పాత రూపాల మైనపు బొమ్మలు. ఆ కుర్రాళ్ల కాలం ముగిసిందని చెప్పడానికి అంతకంటే ఏం కావాలి? లోపల కత్తిరించి పెట్టుకునే అట్టమీసం కూడా ఉంది, కొన్నవాళ్లూ వేషం కట్టేందుకు. పీటర్ బ్లేక్, జ్యాన్ హావర్త్ దంపతులు పేర్చిన ఆ ప్రముఖుల గుంపులో పరమహంస యోగానంద సహా నలుగురు భారతీయ యోగులున్నారు. అది జార్జ్ హారిసన్ కోరిక. మహాత్మా గాంధీ బొమ్మనూ నిలబెట్టారు. కానీ భారత్‌లో జనం నొచ్చుకుంటారని ఈఎంఐ కంపెనీ జంకింది. గాంధీ మాయమయ్యారు. ఆ అట్టకు గ్రామీ అవార్డు దక్కింది. ముఖాలు ఎవరు ఎంచుకున్నా, ఆఖరి కత్తెర మాత్రం కంపెనీదే.