ముక్కూమొహం తెలియని వాళ్ల మాటే ఎందుకు వింటున్నాం? సినిమా టికెట్ నుంచి పాస్‌బుక్ దాకా అన్నీ ఆన్‌లైన్‌లోనే!

నర్సీపట్నం: "సినిమా ఫ్యామిలీతో చూడొచ్చా?" "ఈ నవల డబ్బులు పెట్టి కొనొచ్చా?" "పాస్‌బుక్‌లో పేరు తప్పు పడింది, ఎవరిని కలవాలి?" ఒకప్పుడు ఈ ప్రశ్నలన్నీ టీ కొట్టు దగ్గరో, బస్టాండులోనో, పక్కింటి అరుగు మీదో అడిగేవాళ్లు. ఇప్పుడు ఫోన్‌లో అడుగుతున్నారు. జవాబు చెప్పేది ఎవరో తెలియదు, ఏ ఊరో తెలియదు. అయినా ఆ మాట మీదే నలుగురి టికెట్ డబ్బులు, ఒక రోజు కూలి, ఒక్కోసారి బ్యాంకు ఖాతాలో ఉన్నదంతా ఆధారపడుతోంది.

2026 సంక్రాంతికి చిరంజీవి సినిమా 'మన శంకర వరప్రసాద్ గారు' విడుదలైనప్పుడు బుక్‌మైషోలో రేటింగ్‌లు, రివ్యూలు కనిపించలేదు. కోర్టు ఆదేశంతో వాటిని ఆపేశారు. కావాలని చేసే నెగెటివ్ ప్రచారాన్ని అడ్డుకోవడానికే ఈ పని చేశామన్నది సినిమా వాళ్ల మాట. మరి టికెట్ కొనేవాడు ఎవరిని అడగాలి? అసలు చర్చ ఇక్కడే మొదలవుతోంది.

ఊళ్లో మనుషులుండగా బయటివాళ్లెందుకు?

చిన్న పట్టణంలో ప్రతి అభిప్రాయం వెనుకా ఏదో ఒక బంధం ఉంటుంది. ఒకరు ఫలానా హీరో అభిమాని, ఇంకొకరు థియేటర్ వాళ్లకు చుట్టం. దర్శకుడు పూరీ జగన్నాథ్ నర్సీపట్నం ప్రాంతం నుంచి వచ్చినవాడే. ఆయన సినిమా ఎలా ఉందని ఇక్కడ అడిగితే 'మనోడి సినిమా' అన్న అభిమానం కొంచెమైనా కలవకుండా ఉంటుందా? 2022లో 'లైగర్', 2024లో 'డబుల్ ఇస్మార్ట్' ఆడకపోయినా ఆ అభిమానం అంత తేలిగ్గా పోదు. తెలియని మనిషికైతే మన మొహమాటం లేదు. నచ్చలేదంటే నచ్చలేదనే చెబుతాడు. జనం నమ్మకానికి మూలం అదే.

పుస్తకాల సంగతీ అంతే. నాలుగు పేజీలు తిరగేసి నవల కొనుక్కునే వీలు చిన్న ఊళ్లలో తక్కువ. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టాలి, వచ్చాక చదవాలి. అందుకే ముందే చదివినవాళ్ల మాట కావాలి.

ఇది కొత్త అలవాటేం కాదు

తెలుగువాళ్లు ఎప్పుడూ చూడని మనిషిని సలహా అడగడం ఇంటర్నెట్‌తో మొదలవలేదు. ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీ చందూర్ 'ప్రమదావనం' శీర్షిక దశాబ్దాల పాటు నడిచింది. వంట, ఆరోగ్యం, అత్తింటి గొడవలు, చదువు... ఏ ఊరి నుంచైనా పాఠకులు ఉత్తరం రాసేవాళ్లు, ఆమె జవాబిచ్చేవారు. 'స్వాతి' మాసపత్రికలో 'పాత కెరటాలు' పేరుతో ఇంగ్లిష్ నవలలను పరిచయం చేసిందీ ఆమే. ఆ పరిచయాలు చదివే ఆ పుస్తకాల గురించి తెలుసుకున్న పాఠకులు ఎందరో.

అయితే ఒక తేడా ఉంది. ఆమె పాఠకులకు చుట్టం కాకపోయినా పేరు తెలుసు. ఇవాళ తప్పు చెబితే వచ్చే వారం అదే పేజీలో మళ్లీ అదే పాఠకులకు ఎదురుపడాలి. ఇప్పుడు సలహా ఇచ్చేవాళ్లలో చాలామందికి ఆ బాధ్యత లేదు. ఖాతా పేరు మార్చుకుంటే చాలు.

రేటింగ్ వెనుక ఎవరున్నారు?

ఇక్కడే అసలు సమస్య. మనకు మొహమాటం లేదనుకున్న అపరిచితుడికి డబ్బు ముట్టి ఉండొచ్చు. ఆ డబ్బు పొగడమనీ కావచ్చు, తిట్టమనీ కావచ్చు. 2023లో మలయాళ సినిమా 'రాహేల్ మకన్ కోరా' మీద రివ్యూల దాడి జరిగిందని దర్శకుడు ఫిర్యాదు చేస్తే కొచ్చి పోలీసులు కేసు పెట్టారు. 2024 ఏప్రిల్‌లో విజయ్ దేవరకొండ 'ఫ్యామిలీ స్టార్' విడుదలైనప్పుడు కావాలని దుష్ప్రచారం చేస్తున్నారంటూ ఆయన తరఫువాళ్లు సైబరాబాద్ పోలీసులను ఆశ్రయించారు. అదే ఏడాది డిసెంబర్‌లో తమిళ నిర్మాతలు మరో అడుగు ముందుకేసి, విడుదలైన మొదటి మూడు రోజులు ఆన్‌లైన్ రివ్యూలే ఉండకూడదని మద్రాస్ హైకోర్టుకు వెళ్లారు. కోర్టు మధ్యంతర నిషేధానికి ఒప్పుకోలేదు. విమర్శ కూడా భావప్రకటనా స్వేచ్ఛలో భాగమేనని గుర్తు చేసింది.

నిర్మాతల బాధ నిజమే. కానీ ప్రేక్షకుడి జేబు లెక్క కూడా చూడాలి. 2025 సెప్టెంబర్‌లో 'ఓజీ' బెనిఫిట్ షోకు ఏపీ ప్రభుత్వం 1000 రూపాయల టికెట్‌కు అనుమతిచ్చింది. ఆ తర్వాత అక్టోబర్ 4 వరకు సింగిల్ స్క్రీన్లలో 125, మల్టీప్లెక్సుల్లో 150 రూపాయలు అదనంగా తీసుకోవచ్చంది. పెద్ద సినిమాలకు రేట్లు ఎక్కువగా ఉండేది మొదటి రోజుల్లోనే. సరిగ్గా ఆ రోజుల్లోనే రివ్యూలు మూసేస్తే, ఎక్కువ డబ్బు పెట్టేవాడికి తక్కువ సమాచారం దొరికినట్టు అవుతుంది.

దొంగ రివ్యూలకు విరుగుడు అందరి నోరూ మూయించడం కాదు. 2022 నవంబర్‌లో భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ ఆన్‌లైన్ రివ్యూల కోసం ఐఎస్ 19000 అనే ప్రమాణాన్ని తెచ్చింది. రాసిన వ్యక్తి నిజంగా ఉన్నాడో లేదో చూడాలని, డబ్బిచ్చి రాయించినవి ప్రచురించకూడదని అది చెబుతోంది. దారి చూపించారు కానీ, స్వచ్ఛందంగా పాటించాలన్న ప్రమాణం అది. పాటించకపోతే ఏమిటన్నదే ప్రశ్న.

ఆఫీసు పని అడిగితే...

సినిమా విషయంలో మోసపోతే పోయేది టికెట్ డబ్బే. రోజువారీ పనుల్లో తప్పుడు సలహా ఇంకా ఖరీదు. ఉదాహరణకు, నర్సీపట్నం ఎలా వెళ్లాలని అడిగితే "ట్రైన్‌లో నర్సీపట్నం రోడ్‌లో దిగిపోండి" అని ఎవరో తేలిగ్గా చెప్పేస్తారు. ఆ స్టేషన్ ఊళ్లో లేదు. అక్కడి నుంచి మళ్లీ చాలా దూరం ప్రయాణం ఉంటుందని తెలిసేది వెళ్లొచ్చినవాళ్లకే.

పాత జవాబులతోనూ చిక్కే. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. నర్సీపట్నం అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. పక్కనే ఉన్న చింతపల్లి అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లింది. అంతకుముందు రాసిన సలహా పట్టుకుని ఇప్పటికీ విశాఖ కలెక్టరేట్‌కు బస్సెక్కితే ఆ రోజు పని పోయినట్టే. సర్టిఫికెట్ల లాంటి పనులకు ముందుగా 'మన మిత్ర' వాట్సాప్ నంబర్ 95523 00009 చూసుకోవడం మేలు. 2025 జనవరి 30న 161 సేవలతో మొదలైంది. ఫిర్యాదులకు 1100 నంబర్, సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉండనే ఉన్నాయి.

అన్నిటికన్నా ప్రమాదం ఇంకోటి. డబ్బు కట్ అయింది, సిలిండర్ రాలేదు అని చిరాకులో అందరికీ కనిపించేలా పోస్ట్ పెడతారు. క్షణాల్లో 'కస్టమర్ కేర్' పేరుతో జవాబు వస్తుంది. నంబర్ ఇస్తారు, లింక్ పంపుతారు, ఓటీపీ అడుగుతారు. కష్టంలో ఉన్నవాళ్లను వెతుక్కుంటూ వచ్చే మోసగాళ్లు వీళ్లు. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఆలస్యమయ్యే కొద్దీ ఆ డబ్బును ఆపడం కష్టమవుతుంది.

ఎలా అడగాలి?

"సినిమా ఎలా ఉంది?" అంటే వచ్చేది చుక్కల లెక్కే. "పదేళ్ల పిల్లలతో వెళ్తున్నాం, రక్తపాతం ఉందా?" అంటే పనికొచ్చే జవాబు వస్తుంది. పుస్తకమైతే ఇంతకుముందు ఏవి నచ్చాయో చెప్పి అడగాలి. ఆఫీసు పనైతే ఏ మండలమో, ఆ పని ఎప్పుడు చేయించుకున్నారో తిరిగి అడగాలి. జవాబిచ్చిన వ్యక్తి పాత పోస్టులు ఓసారి చూడాలి. ఒకే హీరోను పొగడటమో తిట్టడమో తప్ప అక్కడ ఇంకేం లేకపోతే పక్కన పెట్టేయొచ్చు. ఫోన్ నంబర్, ఆధార్, ఖాతా వివరాలు మాత్రం ఎక్కడా పెట్టకూడదు.

నిర్మాతలు, యాప్‌లు, కోర్టుల మధ్య ఈ వ్యవహారం ఇంకా నడుస్తూనే ఉంటుంది. తీర్పు ఎటు వచ్చినా, రివ్యూ అంటే సినిమా వాళ్ల పరువు సమస్య ఒక్కటే కాదని గుర్తుంచుకోవాలి. కౌంటర్ దగ్గర డబ్బు లెక్కపెట్టుకునేవాడికి నిజం తెలుసుకునే హక్కు కూడా అందులో ఉంది.