గంటకింత అని గురువులు

"లెక్చరరు ఉద్యోగమా! ఆడపిల్లకి అంతకన్నా హాయి ఏముందీ?" అనేస్తారు మనవాళ్ళు. ఆ హాయి ఎంతో కాస్త లెక్క చూద్దాం రండి. నెలనెలా పాలవాడి లెక్క తేల్చే మనకి ఇదో పెద్ద పనా?

డిగ్రీ మూడేళ్ళు, ఎం.ఏ. రెండేళ్ళు, పరిశోధన మరో నాలుగైదేళ్ళు. ఇంతా చదివాక చాలామందికి దొరికేది గెస్టు లెక్చరరు పని. గెస్టంటే అతిథి. మనింటి అతిథికి కుర్చీ వేసి కాఫీ ఇస్తాం. ఈ అతిథికి పాఠం చెప్పిన గంటకే డబ్బు. పండగొస్తే లేదు, వేసవి సెలవులొస్తే లేదు. వచ్చే ఏడు పిలుస్తారో లేదో దేవుడికే ఎరుక!

2019లో యు.జి.సి. వారు గెస్టు అధ్యాపకులకి పాఠానికి 1,500 రూపాయలు, నెలకి 50,000 మించకుండా ఇమ్మన్నారు. అదే పాఠం చెప్పే పర్మనెంటు అసిస్టెంటు ప్రొఫెసరుకి ఏడో వేతన స్కేలులో మొదటి మూలవేతనమే 57,700. పైన కరువుభత్యం, అదీ పన్నెండు నెలలూ. పాఠం ఒకటే, బల్ల ఒకటే, సుద్దముక్క ఒకటే. ఏమిటండీ ఈ న్యాయం?

గుజరాత్‌లో కాంట్రాక్టు అసిస్టెంటు ప్రొఫెసర్లకి నెలకి 30,000 ఇవ్వడం ఆందోళన కలిగించే విషయమని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు అంది. సభల్లో గురువుని పొగిడే శ్లోకం చదివితే చాలదనీ చీవాట్లు పెట్టింది.

"చదువు చెప్పడం సేవ కదా" అంటారు కొందరు. సేవ చేసేవాళ్ళింట్లో పొయ్యి వెలగక్కర్లేదా? "మొగుడి జీతం ఉందిగా" అంటారు ఇంకొందరు. మొగుడి జీతానికీ ఆవిడ పాఠానికీ ఏమిటి సంబంధం? అదే పని చేసే మగపిల్లాడికి పిల్లనివ్వమంటే మాత్రం ఈ మాటన్నవాళ్ళే నాలుగడుగులు వెనక్కి వేస్తారు.

ఇక పురిటి సెలవు. 2017 సవరణతో చట్టంలో 26 వారాలుంది. ప్రసూతి సాయం దినకూలీ ఆడవాళ్ళకీ దక్కాలని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది. కానీ గంటకింతని బతికే పిల్ల నోరు విప్పి ఎలా అడుగుతుంది? తన గంటలు ఇంకొకరికి ఇచ్చేస్తే?

ఆ పిల్ల అడగలేకపోతే మనం అడుగుదాం. పిల్లల్ని కాలేజీలో చేర్చేటప్పుడు హాస్టల్లో ఏం కూర వండుతారో కూడా ఆరా తీస్తాం కదా! అక్కడే ఇంకో రెండు ప్రశ్నలు వేద్దాం: "మీ అధ్యాపకుల్లో పర్మనెంటువాళ్ళెందరు? వాళ్ళందరికీ మే నెల జీతం ఇస్తారా?" ఫీజు కట్టేది మనమేగా. ఆ డబ్బులో పాఠం చెప్పే మనిషికి ఎంత ముడుతోందో అడిగే హక్కు మనకుంది.