చెవి విలువ, ఇయర్‌ఫోన్ వెల

అవుకు నుండి బనగానపల్లె మీదుగా నంద్యాలకు రోజూ బస్సులో వెళ్ళివచ్చే మా అబ్బాయి, చెవిలో హోరు ఆగడం లేదని ఒక రాత్రి చెప్పాడు. అతని ఇయర్‌ఫోన్లు చెవిలో వదులుగా ఉండటం గమనించాము. అమరిక సరిగా లేకపోతే బస్సు రొద లోనికి వస్తుంది. దానిని మించేలా పిల్లలు ప్లేయర్ శబ్దాన్ని పెంచుతారు. పెద్దలకు 80 డెసిబెల్స్ వద్ద వారానికి 40 గంటలు హద్దనీ, 90 వద్ద 4 గంటలేననీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది.

కనుక వెల కన్నా ముందు అమరికను చూడాలి. వేర్వేరు సైజుల సిలికాన్ తొడుగులు, ప్లేయర్‌కు సరిపడే పిన్ను ఉన్న వైరు ఇయర్‌ఫోన్ చాలు. శబ్దం 60 శాతం దాటనీయరాదు. రోడ్డుపై నడిచేటప్పుడు తీసివేయాలి. హోరు తగ్గకపోతే వైద్యునికి చూపించాలి. ఇయర్‌ఫోన్ పాడైతే మరొకటి కొనగలము, వినికిడిని కొనలేము.