చెట్టుకు జాతకం

పెళ్ళి మాట వస్తే మా వెంకటగిరికోటలో ముందు జాతకాలు బయటికి తీస్తాం. ఇప్పుడు చెట్లకూ జాతకాలు వేస్తున్నారు. వేసేది కంప్యూటరు.

ఒక మొక్క ఎక్కడెక్కడ బతుకుతున్నదో గుర్తించి, అక్కడి ఎండావానల లెక్క కడతారు. రేపు భూమి వేడెక్కితే అటువంటి వాతావరణం ఎటు జరుగుతుందో పటం మీద రంగు వేసి చూపుతారు. 2006లో వెలువడిన మాక్సెంట్ అనే పద్ధతి యిందులో పేరుపడ్డది. ఈ జోస్యాన్ని నేను కొట్టిపారెయ్యను. చెప్పనిది మాత్రం చాలా వున్నది.

శేషాచలం కొండల్లో సైకాస్ బెడ్డోమీ అనే మొక్క వున్నది. చూపుకు పొట్టి ఈతచెట్టు. ఆకు ఏడాది పొడుగునా పచ్చనే. తిరుపతి, కడప కొండలే దాని సొంతగడ్డ. వేడి పెరిగితే మొక్కలు చల్లదనం వెతుక్కుంటూ పైకి జరగాలంటారు. కిలోమీటరు ఎక్కితే ఆరు డిగ్రీల పైచిలుకు తగ్గుతుంది మరి. కాని కొండకొస దాటాక మిగిలేది ఆకాశమే గదా!

పోనీ, ఎత్తున వున్న మా పీఠభూమికి పటంలో పచ్చరంగు పడిందే అనుకోండి. రావడం ఎట్లా? గింజ బరువైనది, గాలికి ఎగరదు. నడుమ ఊళ్ళు, రోడ్లు, టమాటా తోటలు. మగ కంకిని మందుకని కోసుకుపోయేవారు వేరే. ఎవరైనా గింజలు తెచ్చి నాటినా, ఆడచెట్టు వేరు, మగచెట్టు వేరు; ఏది ఏదో కంకి వేసేదాకా తెలియదు.